గాలిచక్రపు రూపకర్త జాన్ బాయిడ్ డన్‌లప్

కొందరు ప్రముఖుల పేర్లు గ్రంథాలలో నిలుస్తాయి. కొందరివి శిలాఫలకాలపై నిలుస్తాయి. ఒక పశువైద్యుని పేరు మాత్రం రబ్బరుపై అచ్చుపడి, దేశదేశాల బాటలపై దుమ్ములోను బురదలోను దొర్లుతూ నిలిచినది. ఒక తరం క్రిందట మన దేశంలో సైకిలు త్రొక్కినవారిలో డన్‌లప్ అన్న మాట ఎరుగనివారు చాల అరుదు. 1936లో బెంగాలులో హుగ్లీ నదీతీరాన సాహాగంజ్ వద్ద ఆ పేరుగల కర్మాగారం వెలసినది. తరువాతి కాలంలో అది మూతబడినా, పెద్దల నోళ్లలో ఆ పేరు ఇంకను నానుతూనే ఉన్నది. అది ఒక కంపెనీ పేరని, లేదా ఒక రకపు టైరు పేరని భావించేవారే ఎక్కువమంది. అది ఒక మనిషి పేరు. ఆ మనిషి వార్ధక్యంలో తన పేరును, తన ముఖమును తానే కాపాడుకొనుటకు న్యాయస్థానం మెట్లెక్కవలసి వచ్చినది. విద్యార్థి మిత్రులు ఆయన కథను తెలిసికొనదగునని తలచి ఈ వ్యాసమును వ్రాస్తున్నాము.

జాన్ బాయిడ్ డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు పశ్చిమభాగంలోని డ్రెగార్న్ అనే గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తాను నెలలు నిండకముందే, రెండు మాసాలు ముందుగా పుట్టిన బిడ్డనని తల్లిదండ్రుల వలన విని, తన దేహం దుర్బలమైనదని ఆయన జీవితమంతా నమ్మినాడు. ఎండకు, చలికి, శ్రమకు జంకుతూ అతి జాగ్రత్తగా మసలుకొన్నాడు. ఇంతటి దుర్బలుడు ఎనభై ఒక్క సంవత్సరాల వరకు పెద్ద జబ్బు అన్నది లేకుండా జీవించాడన్నది వేరే సంగతి. ఎడింబరో నగరంలో పశువైద్యం అభ్యసించి, పందొమ్మిదవ ఏటనే పట్టా పుచ్చుకొన్నాడు. 1867లో ఐర్లండుకు తరలిపోయి డౌన్‌ప్యాట్రిక్ పట్టణంలో సోదరుడు జేమ్స్‌తో కలిసి వైద్యశాల నెలకొల్పాడు. అక్కడి నుండి బెల్‌ఫాస్ట్ నగరానికి మారి, మే వీధిలో వృత్తి సాగించాడు. గుర్రాలే బండ్లకు ప్రాణమైన ఆ కాలంలో పశువైద్యునికి పనికి కొదువ లేదు. 1880 దశకపు మధ్యకాలం నాటికి ఐర్లండులోని అతి పెద్ద పశువైద్యశాలలలో ఆయనది ఒకటిగా పేరుగాంచినది.

ఇంతవరకు చూచిన జీవితం ఏ పట్టణంలోనైనా కనిపించే ఒక మర్యాదస్థుని జీవితమే. ఆయనను మరొక దారికి త్రిప్పినవి రెండు. వైద్యానికి కావలసిన రబ్బరు పరికరాలను స్వయంగా తయారుచేసుకొను అలవాటు వలన రబ్బరు స్వభావం ఆయన చేతివ్రేళ్లకు తెలుసు. ఇక రెండవది ఆయన కుమారుడు. తొమ్మిది పదేండ్ల ఆ బాలునికి ఒక మూడు చక్రాల సైకిలు ఉండెడిది. ఆనాటి సైకిళ్ల చక్రాలకు గట్టి రబ్బరు పట్టీలే తప్ప గాలి లేదు. బెల్‌ఫాస్ట్ వీధులేమో రాళ్లు పరచిన వీధులు. రాయి రాయికీ బండి ఎగిరిపడుతూ, ఎముకలు కదిలినట్లుగా సాగేది ప్రయాణం. పిల్లవాని అవస్థను చూచిన తండ్రి ఆలోచన, రబ్బరును ఎంత మెత్తగా చేయవచ్చునన్న దారిన పోలేదు. రబ్బరులో బంధించిన గాలి మీదనే బండిని నడిపించిన ఎట్లుండునన్న దారిన పోయినది.

1887 అక్టోబరు మాసంలో ఆయన తన ఇంటి పెరటిలో చేసిన ప్రయోగం నిరాడంబరమైనది. ఇంచుమించు 96 సెంటీమీటర్ల అడ్డుకొలత గల ఒక చెక్క చక్రమును తీసికొన్నాడు. పలుచని రబ్బరు రేకును అతికించి గొట్టముగా చేశాడు. దానిని నారబట్టతో కప్పి, ఆ బట్ట అంచులను చెక్కకు మేకులతో బిగించాడు. కుమారుని ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టి, గాలి పోయే చిన్న గొట్టమును బంతికి కట్టినట్లే దారంతో బిగించి కట్టాడు. తరువాత మూడు చక్రాల సైకిలు నుండి గట్టి రబ్బరు గల ఒక చక్రమును విప్పి, రెండింటినీ పెరటిలో ఒకదాని తరువాత ఒకటి దొర్లించి చూచాడు. గట్టి చక్రం కొంతదూరం పోయి పడిపోయినది. గాలిచక్రం పెరడంతా దాటి, ఆవలి గేటు స్తంభమును తాకి వెనుకకు ఎగిరినది. ఇంత ముఖ్యమైన ప్రయోగానికి అయిన సామగ్రి ఒక చెక్క, కొంత రబ్బరు, కొంత బట్ట, ఒక పిల్లవాని ఆటపంపు మాత్రమే. ప్రయోగశాలలో ఉపకరణాలు లేవని నిరుత్సాహపడే విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఈ జాబితాను ఒక పర్యాయం చదువుకొందురు గాక.

ఆ గాలిచక్రం ముందుకు పోవుటలోని రహస్యమును కొంత వివరించవలసి ఉన్నది. గాలి మెత్తగా ఉండుట వలన కూర్చున్నవానికి సుఖమన్నది అందరికీ తోచే విషయమే. మెత్తనిది మెల్లగా పోవునని, గట్టిది వడిగా పోవునని ఆనాటివారు తలచినారు. సత్యం దీనికి విరుద్ధం. గట్టి చక్రం ఒక గులకరాయిని తాకినపుడు బండి, మనిషి కలిసి ఆ బరువంతా రాయి ఎత్తున పైకి లేవవలసినదే. ముందుకు పోవలసిన శక్తిలో కొంత ఆ లేచుటకు, క్రిందపడి అదరుటకు ఖర్చైపోతుంది. గాలిచక్రంలోనైతే ఆ రాయి చక్రంలోనికి నొక్కుకొంటుంది. తాకినచోట మాత్రమే రబ్బరు వంగి, లోపలి గాలి నొక్కుకొని, రాయి దాటగానే ఆ శక్తిలో అధికభాగమును తిరిగి ఇచ్చివేస్తుంది. బరువు పైకి లేవదు, వేగం తరుగదు. పెరటిలో దొర్లిన రెండు చక్రాలు చెప్పినది ఈ సంగతే.

వెనుక చక్రాలు రెండింటికీ గాలి గొట్టాలు అమర్చిన తన సైకిలుపై ఆ బాలుడు 1888 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి మొదటి సవారి చేశాడు. అదే సంవత్సరం జూలైలో తండ్రి పేటెంటు హక్కుకు దరఖాస్తు చేయగా డిసెంబరు 7వ తేదీన అది మంజూరైనది. బెల్‌ఫాస్ట్‌లో ఎడ్లిన్ అనే సైకిళ్ల తయారీదారులు ఈ చక్రాలతో బండ్లు చేయుటకు పూనుకొన్నారు. అట్టి బండిని మొట్టమొదట కొన్నవాడు విల్లీ హ్యూమ్ అనే యువకుడు. అక్కడి సైకిలు క్లబ్బుకు నాయకుడు. 1889 మే 18వ తేదీన బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కాలేజీ క్రీడోత్సవాలలో లావుపాటి చక్రాల బండితో ఆయన పందెం బాటలోనికి రాగానే జనం నవ్వినారు. నాలుగు సైకిలు పందాలు జరిగినవి. నాలుగింటిలోను ఆయనే గెలిచాడు. ఒక కళాశాల ఆటస్థలంలో తేలిన ఈ విషయం తరువాత కొద్దికాలానికే లివర్‌పూల్‌లోను రుజువైనది. ఆ మీదట నవ్వినవారెవరూ లేరు.

ఓడిపోయినవారిలో హార్వే డ్యూక్రో అనే డబ్లిన్ వ్యాపారి కుమారులు కూడ ఉన్నారు. ఓటమిని లాభంగా మార్చుకొనగల చాతుర్యం ఆయనది. వెంటనే డన్‌లప్‌ను కలిసి, 1889లో డబ్లిన్‌లో ఒక కంపెనీని ఏర్పరచాడు. డన్‌లప్ తన పేటెంటు హక్కును కంపెనీకి వ్రాసి ఇచ్చి, బదులుగా కొన్ని వాటాలు పుచ్చుకొన్నాడు. యాభై ఏండ్ల వయస్సుకు చేరువైన పశువైద్యునికి వ్యాపారపు మెళకువలు ఏమి తెలుసును? ఈ ఒప్పందంలో ఆయన ఎంత కోల్పోయాడో అప్పటికి ఆయనకు తెలియదు.

ఆపైన వచ్చిన దెబ్బ మరొక రకమైనది. పేటెంటు మంజూరైన రెండేండ్లకు అది చెల్లదని అధికారులు తెలియజేశారు. కారణం, ఈ ఊహ కొత్తది కాదు. రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లండు దేశీయుడు 1845లోనే, తన ఇరువది మూడవ ఏట, గాలి నింపిన చక్రానికి ఇంగ్లండులో పేటెంటు పొంది ఉన్నాడు. తరువాత ఫ్రాన్సులోను అమెరికాలోను పొందాడు. రబ్బరు పూసిన బట్ట గొట్టాలకు తోలు కప్పి గుర్రపుబండ్లకు అమర్చి, 1847లో లండనులోని రీజెంట్స్ పార్కులో నడిపి చూపించాడు. ఒక జత చక్రాలు 1200 మైళ్లు నడిచినవట. అయితే అప్పటికి వాటిని కోరుకొనే తేలికపాటి వాహనమే పుట్టలేదు. రబ్బరు ధర అధికం. కొంతకాలానికి అందరూ మరచిపోయారు. థామ్సన్ 1873లో మరణించాడు.

డన్‌లప్ ఆయన కృషిని దొంగిలించాడని చెప్పుటకు ఎట్టి ఆధారమూ లేదు. పెరటిలో బట్ట కుట్టి చక్రం చేసినవాడు పాత దస్తావేజులు తిరగవేసినవాడు కాదు. న్యాయరీత్యా మొదటివాడు థామ్సన్. అందులో సందేహం లేదు. గాలిచక్రమును సామాన్యుని వాకిటికి తెచ్చినవాడు డన్‌లప్. అదీ అంతే నిజం. ఒకే ఊహ ఇద్దరికి, నలువదేండ్ల ఎడంలో వచ్చినది. మొదటివాని వెంట కాలం రాలేదు. రెండవవాని చేతికి అది అందేసరికి సైకిలు సిద్ధంగా నిలిచి ఉన్నది. చట్టం మొదటి తేదీని మాత్రమే అడుగుతుంది, ఈ తారతమ్యమును అడుగదు. ఈ విషయంలో చట్టమును తప్పుపట్టలేము. డన్‌లప్‌పై సానుభూతిని మానుకొననూలేము.

మూలహక్కు పోయినా కంపెనీ నిలద్రొక్కుకొన్నదంటే దానికి మరి కొందరి బుద్ధి తోడైనది. డన్‌లప్ చేసిన మొదటి టైర్లకు ఒక పెద్ద లోపం ఉండెను. బట్టను బంకతో రిమ్ముకు శాశ్వతంగా అతికించేవారు. గాలి పోయిన దాకా బాగు, పోయిందా నరకమే. 1889లో ఫ్రాన్సులోని క్లెర్మాంఫెరాఁ పట్టణానికి ఒక సైకిలు ప్రయాణికుడు పంక్చరైన డన్‌లప్ టైరుతో వచ్చాడు. దానిని ఊడదీసి బాగుచేయుటకు మూడు గంటలు, బంక ఆరుటకు ఒక రాత్రి పట్టినవి. తెల్లవారి కొన్ని వందల మీటర్లు నడపగానే మరల గాలి దిగిపోయినది. బాగుచేసిన కర్మాగారం మిషెలిన్ సోదరులది. విప్పి తొడుగుటకు వీలైన టైరును చేయవలెనన్న పట్టుదల వారికి అక్కడ కలిగి, 1891 నాటికి దానిని సాధించారు. ఇటు ఇంగ్లండులో చార్లెస్ వెల్చ్ టైరు అంచులలో తీగ పొదిగి రిమ్ములో కూర్చోబెట్టు పద్ధతిని, స్కాట్లండులో బార్ట్‌లెట్ అంచుకు లావుపాటి పట్టీ పెట్టు పద్ధతిని 1890లో కనిపెట్టారు. డ్యూక్రో ఈ రెండు హక్కులనూ కొని కంపెనీని గట్టెక్కించాడు.

నేడు మన వీధి మూలలో ఉస్తాదు టైరు విప్పుచున్నప్పుడు చేతికి తగిలే ఆ గట్టి తీగ అంచు వెల్చ్ బుద్ధికి వారసురాలు. ట్యూబు నోటిలోని వాల్‌ట్యూబు సంగతి మరింత చిత్రమైనది. పక్కన రంధ్రం గల సన్నని లోహపు పుల్లకు చిన్న రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. పంపు గాలి రబ్బరును వెలుపలికి నెట్టి లోనికి పోతుంది. లోపలి గాలి అదే రబ్బరును రంధ్రానికి అదిమిపెట్టి తన దారిని తానే మూసుకొంటుంది. దీనిని రూపొందించినవాడు వుడ్స్ అనే ఆంగ్లేయుడు. లోకం మాత్రం దానిని డన్‌లప్ వాల్వు అని పిలుచుచున్నది. తనది కాని దానికి కూడ తన పేరు అంటుకొన్న మనిషి డన్‌లప్.

ఈ సందర్భంలో గాలి విషయమై రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేము. ముల్లు గుచ్చుకొననిదే గాలి పోదని చాలమంది భావన. రబ్బరు ఎంత మంచిదైనా గాలి దాని గుండా కొద్దికొద్దిగా జారుతూనే ఉంటుంది; వాల్‌ట్యూబు రబ్బరు పాతబడి పగిలిన మరింత త్వరగా పోతుంది. కనుక త్రొక్కినా త్రొక్కకపోయినా వారమునకొకసారి బొటనవ్రేలితో నొక్కి చూచుకొనవలెను. తక్కువ గాలితో నడిపిన బండికి మూడు కీడులు. త్రొక్కుటకు బరువు, టైరు పక్కలు పదేపదే మడతపడి పగుళ్లు, గుంటలో పడినపుడు రిమ్ముకు, రాయికి నడుమ ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు. ఆ రెండు చీలికలను చూడగానే అనుభవజ్ఞుడైన ఉస్తాదు, ఇది ముల్లు పని కాదని, గాలి కొట్టించని బద్ధకపు పని అని గ్రహిస్తాడు. అట్లని వేసవిలో రాయివలె గట్టిగా గాలి కొట్టించి బండిని ఎండలో నిలుపుట కూడ తగదు. వేడికి లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఇక పంక్చరు వేయుటలో, నీళ్ల తొట్టిలో బుడగ కనిపెట్టుట అందరూ చేసేదే. నేర్పరి చేసేది వేరు. ట్యూబును తిరిగి ఎక్కించక మునుపు టైరు లోపలి చుట్టంతా మెల్లగా వ్రేళ్లతో తడిమి, దాగి ఉన్న తుమ్మముల్లును లాగివేస్తాడు. ఆ పని చేయనివాని పంక్చరు వీధి చివర దాకా మన్నిన గొప్ప. రబ్బరును గరుకుగా గీకి, సొల్యూషన్ పూసి, తడి ఆరి జిగురు పట్టేదాకా ఓపికపట్టి అతుకు వేయుట రెండవ నేర్పు. తడిమీద అంటించిన అతుకు నిలువదు. సర్టిఫికెట్లు లేని ఈ శాస్త్రం మన పట్టణాలలో తండ్రి నుండి కుమారునికి, గురువు నుండి శిష్యునికి సంక్రమించినది. ఎందరో విద్యార్థులను సకాలంలో పరీక్షాగృహానికి చేర్చినది కూడ ఇదే.

మరల డన్‌లప్ కథకు వత్తాము. కంపెనీలో డ్యూక్రో మాటే మాటగా మారినది. అభిప్రాయభేదాలు ముదిరినవి. డన్‌లప్ సంస్థ నుండి తప్పుకొని తన వాటాలను విక్రయించాడు. 1896లో డ్యూక్రో ఆ సంస్థను హూలీ అనే ధనవ్యాపారికి 30 లక్షల పౌనులకు అమ్మగా, హూలీ దానినే మరల 50 లక్షల పౌనులకు ప్రజల ముందుంచాడు. చెక్కకు బట్ట కుట్టినవానికి ఈ లక్షలలో భాగం లేదు. డబ్లిన్ నగరంలో స్థిరపడి, ఒక వస్త్రవ్యాపారంలో కొంత పాలు కలిగి, ఆయన సాధారణ గృహస్థుగా జీవించాడు.

ఆ లక్షల వెనుక మరొక చీకటి ఉన్నది. చక్రాలన్నీ గాలిచక్రాలు కావలసి వచ్చినపుడు రబ్బరుకు గిరాకీ హెచ్చినది. బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ తన సొత్తుగా చేసికొన్న కాంగోలో అడవి రబ్బరు కొరకు ఆఫ్రికా ప్రజలను చిత్రహింసల పాలుచేశారు, చేతులు నరికారు. ఆ దురాగతాలను 1904లో వెలుగులోనికి తెచ్చిన నివేదిక కర్త రోజర్ కేస్‌మెంట్. ఆయన పుట్టినది డబ్లిన్ సమీపంలోనే. పశువులకు మందు వేసిన చేతులకు ఈ రక్తమును పూయుట న్యాయం కాదు. అయితే టైరు చరిత్రను వ్రాయుచు దీనిని దాటవేయుటయు న్యాయం కాదు.

కంపెనీ ఆయన పేరును తన పేరుగా, పొడవైన గడ్డంతో కూడిన ఆయన ముఖమును తన ముద్రగా చేసికొన్నది. అంతవరకు ఆయన సహించాడు. కాని తరువాతి ప్రకటనలలో ఆ ముఖమును ఒక పొడవాటి సన్నని శరీరానికి తగిలించి, ఎత్తైన తెల్లటోపీ, ఒంటికంటి అద్దం, షోకైన కోటు తొడిగి, విలాసపురుషునిగా చిత్రించి గోడలకెక్కించారు. వీధిలో కనబడితే జనం ఏమనుకొందురన్న బాధ ఆ నిరాడంబరునిది. తన మర్యాదకు భంగం కలిగినదని ఐర్లండు న్యాయస్థానంలో దావా వేశాడు. ఇంగ్లండు కంపెనీపై ఐర్లండులో విచారణ చెల్లునా అన్న ప్రశ్నపై వ్యవహారం బ్రిటిష్ ప్రభువుల సభ దాకా పోయినది. ఆనాటికి ఆయనకు ఎనభై ఏండ్లు. ఆయన కోరినది లక్షలలో వాటా కాదు. తన తలను పరాయి మొండెంపై పెట్టవద్దని మాత్రమే.

1921 అక్టోబరులో స్వల్పంగా జలుబు చేసి, అదే నెల 23వ తేదీన డబ్లిన్‌లో ఆయన అనుకోకుండా కన్నుమూశాడు. డీన్స్‌గ్రేంజ్ శ్మశానంలో సమాధి చేశారు. గాలిచక్రం పుట్టుకను గురించి ఆయన వ్రాసుకొన్న చరిత్ర మరణానంతరం గ్రంథరూపంలో వెలువడినది. తరువాత ఉత్తర ఐర్లండులోని ఒక బ్యాంకు తన పది పౌనుల నోటుపై ఆయన చిత్రమును ముద్రించినది. ఆ నోటుపై ఉన్నది టోపీ, ఒంటికంటి అద్దం లేని ముఖం. తెల్లని గడ్డం గల వృద్ధ పశువైద్యునిది.